చిన్న ఎస్‌యూవీకి టాప్ క్యారియర్: పది వేల లోపు ఏది తీసుకోవాలి, దాని మీద ఎంత ఎక్కించాలి

మీరు అడిగింది ఇదీ కదండీ. బండి నాలుగు మీటర్ల లోపు ఎస్‌యూవీ, పైన రెయిల్స్ (రూఫ్ రెండు అంచుల వెంబడి పొడుగ్గా ఉండే కడ్డీలు) ఉన్నాయి, సొంతూరు అమలాపురం దగ్గర, ఉద్యోగం హైదరాబాద్‌లో, ఐదుగురు ఎక్కితే డిక్కీ చాలట్లేదు, తిరుగు ప్రయాణంలో ఇంట్లో కట్టిచ్చే బియ్యం, కొబ్బరికాయలు, పచ్చడి డబ్బాలు ఎక్కడ పెట్టాలో తెలీట్లేదు. బడ్జెట్ పది వేలు. అమలాపురంలో వెల్డింగ్ షాపతను ఇనప క్యారియర్ ఆరు వేలకి చేసి బిగిస్తానన్నాడు, ఆన్‌లైన్‌లో అల్యూమినియం క్రాస్‌బార్లు, అంటే ఆ రెయిల్స్ మీద అడ్డంగా బిగించే కడ్డీలు, జత నాలుగు వేలకి కనపడుతున్నాయి, థూలే కంపెనీవి అయితే పాతిక వేలు దాటుతోంది, ఈ మూడింట్లో ఏదని.

నేను తణుకు వైపు కార్లకి యాక్సెసరీలు బిగించే పనిలో చాలాకాలంగా ఉన్నాను కాబట్టి ముందే నా మాట చెప్పేస్తా, ఆ నాలుగు వేల క్రాస్‌బార్లు తీసుకోండి, దాని మీద ఇనప బుట్ట పెట్టొద్దు, మంచి రూఫ్ బ్యాగు ఒకటి కొనండి, ప్రయాణం అయిపోగానే రెండూ విప్పి అటక మీద పడేయండి. ఎందుకో కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే చాలామంది కొనేటప్పుడు క్యారియర్ వైపే చూస్తారు గానీ దాని కింద ఉన్న రూఫ్ వైపు చూడరు.

పాత అంబాసిడర్, ఓమ్నీ, బొలెరో లాంటి బళ్ళకి రూఫ్ అంచున వాన నీళ్ళు జారే గాడి ఉండేది కదా, అంటే బొలెరోకి ఇప్పటికీ ఉంది లెండి, ఆ గాడి పట్టుకుని క్యారియర్ కాళ్ళు బిగించేవాళ్ళు, బరువంతా బాడీ అంచు మీదకి దిగిపోయేది. పెళ్ళి సామానంతా అంబాసిడర్ మీద కట్టుకెళ్ళిన రోజులు చూసినవాళ్ళు ఇప్పటి బండి మీద కూడా అంతే కట్టొచ్చు అనుకుంటారు. ఇప్పటి బళ్ళకి ఆ గాడి లేదు, రూఫ్ రేకు పల్చన, బరువు మొయ్యాల్సింది ఆ రెయిల్స్, వాటి కింద కనపడని బోల్టులు. ఇక్కడే అసలు చిక్కు, అన్ని రెయిల్సూ బరువు మోసేవి కావు. కొన్ని మోడళ్ళకి అవి అందానికి పెట్టిన ప్లాస్టిక్, క్లిప్పుల మీద కూర్చుంటాయి, బార్ బిగించి నలభై కేజీలు కడితే గట్టిగా బ్రేకేసిన రోజు రెయిల్‌తో సహా ఊడొస్తుంది. కొన్నిటికి నిజంగా మోసే రెయిల్సే ఉంటాయి, రెనో వాళ్ళు ట్రైబర్, కైగర్ రెయిల్స్‌కి 50 కేజీలని బ్రోషర్‌లోనే వేశారు. ఒకే మోడల్‌లో కూడా వేరియంట్‌ని బట్టి తేడా ఉండొచ్చు కాబట్టి పక్కింటాయన బండికి ఆగిందని మీ బండికి ఆగుతుందనుకోకండి.

తెలుసుకోవడం కష్టమేం కాదు. బండితో పాటు ఇచ్చిన ఓనర్స్ మాన్యువల్ తీయండి, రూఫ్ లోడ్ అనో రూఫ్ రెయిల్ అనో ఒక పేజీ ఉంటుంది, అంకె ఉంటే అంకె రాసుకోండి, "లగేజీ కట్టరాదు" అని ఉంటే ఇక క్యారియర్ ఆలోచన మానేయండి, నేను రాసే మిగతాదంతా మీకు అక్కర్లేదు. పుస్తకం పోయుంటే షోరూమ్ సర్వీస్ వాళ్ళకి మెయిల్ పెట్టి రాతపూర్వకంగా అడగండి, నోటిమాటగా కౌంటర్లో అడిగితే ఏం కాదండీ కట్టేయండి అనేస్తారు. ఇంకోటి, రెయిల్‌కీ రూఫ్‌కీ మధ్య వేళ్ళు దూరేంత సందు ఉందా, లేక రెయిల్ రూఫ్‌కి అతుక్కునే ఉందా చూడండి. సందు ఉంటే చుట్టూ పట్టుకునే క్లాంపు కావాలి, అతుక్కుని ఉంటే దానికి వేరే రకం కాళ్ళు. ఆన్‌లైన్‌లో "అన్ని కార్లకీ సరిపోతుంది" అని రాసినవి చాలావరకు సందున్న రెయిల్స్ కోసమే.

ఇప్పుడు బరువు లెక్క, మీ మూడు దారుల్లో ఏది మంచిదో తేల్చేది ఇదే. పుస్తకంలో 50 కేజీలు అని ఉందనుకుందాం, ఆ యాభైలో క్యారియర్ బరువు కూడా కలిసే ఉంటుంది, సామాన్లకే యాభై అని కాదు. వెల్డింగ్ షాపతను చేసే ఇనప స్క్వేర్ పైపు క్యారియర్ సులువుగా ఇరవై, పాతిక కేజీలు తూగుతుంది, అంటే మీకు మిగిలేది ఒక్క బియ్యం బస్తా, అదీ పాతిక కేజీలది. ఆరు వేలు పెట్టి ఇనుముని హైదరాబాద్ దాకా ఊరేగించి తెచ్చుకోవడమే. అల్యూమినియం బార్లు రెండూ కలిపి ఐదు కేజీలు, మెత్తటి బ్యాగు రెండు మూడు కేజీలు, అంటే నలభై పైన సామానుకి మిగులుతుంది. అదే బార్ల మీద ఇనప బుట్ట పెడితే అదో పన్నెండు, పదిహేను కేజీలు తినేస్తుంది, అందుకే బుట్ట వద్దన్నాను. చూడ్డానికి బావుంటుంది, అడ్వెంచర్ లుక్ వస్తుంది, కాదనను, లుక్ కోసమే అయితే మీ ఇష్టం.

యాభై అంటే మన సైడు కొలతల్లో ఎంతో ఒకసారి ఆలోచించండి. ధాన్యం బస్తా 75 కేజీలు, కాబట్టి ఒక్క బస్తా కూడా పైకెక్కదు. ఒలిచిన కొబ్బరికాయ అర కేజీకి కాస్త అటూ ఇటూ, యాభై కాయలంటే పాతిక నుంచి ముప్ఫై కేజీలు. పీచుతో ఉన్న కాయలైతే అంతకి రెట్టింపు వేసుకోండి. రావులపాలెం మార్కెట్లో రెండు పెద్ద అరటి గెలలు కొని పైన కట్టారంటే అక్కడితో కోటా అయిపోయినట్టే.

అందుకని నేను అందరికీ చెప్పేదేంటంటే సామాను అటూ ఇటూ మార్చండి. బియ్యం, కాయలు, పచ్చళ్ళు, నూనె డబ్బాలు, ఇవన్నీ డిక్కీ అడుగున, వెనక సీటుకి ఆనించి పెట్టండి. బట్టల బ్యాగులు, దుప్పట్లు, పిల్లల బొమ్మలు, మడత కుర్చీ, చోటు తినేసి బరువు లేనివన్నీ పైకి. జనం దీనికి సరిగ్గా తలకిందులుగా చేస్తారు, సూట్‌కేసులు మంచివని లోపల పెట్టుకుని బస్తాలు పైకెక్కిస్తారు. చిన్న ఎస్‌యూవీ అసలే ఎత్తు, బరువు పైకి పోయే కొద్దీ మలుపులో వాలుడు ఎక్కువవుతుంది, మన కాలవ గట్టు రోడ్లలో ఎదురుగా ఆటో వచ్చినప్పుడు టక్కున పక్కకి కోస్తాం చూడండి, అప్పుడు తెలుస్తుంది దాని సంగతి. గట్టిగా బ్రేకేస్తే పైన ఉన్న నలభై కేజీలూ దాదాపు ముప్ఫై కేజీల జోరుతో ముందుకి తోస్తాయి, ఆ తోపుని ఆపాల్సింది నాలుగు క్లాంపులూ మీరు సామాను కట్టిన బెల్టులూ. ఇంకో సంగతి, పైన చోటు దొరికింది కదా అని బండి మొయ్యగలిగే మొత్తం బరువు పెరగదు. చాలా చిన్న ఎస్‌యూవీలకి మనుషులూ సామానూ కలిపి నాలుగొందల కేజీల చుట్టుపక్కలే, ఐదుగురు పెద్దవాళ్ళు ఎక్కితే మూడొందల పైన అక్కడే అయిపోయింది. డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ మీద ఫుల్ లోడ్‌కి టైర్ గాలి ఎంతో ఉంటుంది, బయల్దేరే ముందు అది పట్టించండి.

ఇక మన ప్రాంతంలో ఇనప క్యారియర్ వద్దనడానికి ఇంకో పెద్ద కారణం తుప్పు. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలి సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు, భీమవరం, ఆకివీడు చెరువుల మధ్య తిరిగే బళ్ళ పరిస్థితీ అంతే, కాకినాడ నుంచి ఉప్పాడ బీచ్ రోడ్డులో వెళ్తే కెరటం నేరుగా బండి మీదే పడుతుంది ఒక్కోసారి. షాపతను పైపుకి నల్ల పెయింట్ కొట్టి ఇస్తాడు, బయటికి నిగనిగలాడుతుంది, పైపు లోపల ఎవరూ పెయింట్ కొట్టరు. చివర్లు మూయకపోతే వాన నీళ్ళు లోపలికి పోయి అక్కడే కూర్చుంటాయి, వెల్డింగ్ పెట్టిన చోట ముందు తుప్పు మొదలై ఆ ఎర్ర నీళ్ళు రూఫ్ మీదకి కారి పెయింట్‌లోకి మరకలు దిగిపోతాయి. తప్పనిసరిగా లోకల్‌గానే చేయించాలనుకుంటే చివర్లు పూర్తిగా మూసి వెల్డింగ్ చేయమనండి, మామూలు పెయింట్ కాకుండా పౌడర్ కోటింగ్ వేయించమనండి, కాళ్ళ కింద మందపాటి రబ్బరు పెట్టించండి, రూఫ్‌కి మాత్రం ఎవరు చెప్పినా డ్రిల్లింగ్ చేయనివ్వద్దు. ఒక్కసారి కన్నం పడ్డాక ఎంత సీలెంట్ పూసినా రెండో వానాకాలానికి లోపల సీలింగ్ గుడ్డ మీద మరక కనపడుతుంది, వారంటీ వాళ్ళు కూడా చేతులెత్తేస్తారు.

"స్టీల్‌తో చేస్తాం సార్, తుప్పు రాదు" అని ఇంకో మాట చెప్తారు. ఎస్‌ఎస్, అదే స్టెయిన్‌లెస్ స్టీల్, అంటే అన్నీ ఒకటి కాదండి, అందులో నంబర్లతో రకాలున్నాయి. 304 అయితే మన గాలికి బాగానే ఆగుతుంది, 202 అయితే అందులో నికెల్ తక్కువ, మాంగనీస్ ఎక్కువ, ఉప్పుగాలికి టీ రంగు మచ్చలొచ్చేస్తాయి. అయస్కాంతం పెట్టి చూపిస్తారు, అంటుకోలేదు కాబట్టి మంచి స్టీలే అని, 202 కూడా మామూలుగా అంటుకోదు, కాబట్టి ఆ టెస్టుతో ఏమీ తేలదు. బిల్లు మీద 304 అని రాయించుకోండి, రాయనంటే విషయం అర్థమైపోతుంది.

అల్యూమినియం బార్ ఇలా ఎర్ర తుప్పు పట్టదు, కానీ దానికీ ఒక జబ్బుంది, స్టీలు బోల్టు అల్యూమినియంలో ఉప్పు తేమతో ఏడాదిపాటు అలాగే ఉంటే పట్టేసి ఇక తిరగదు, ఎలెన్ కీ వేసి తిప్పితే బోల్టు తల గుండ్రంగా అరిగిపోతుంది. బిగించేటప్పుడు మరల మీద కాస్త గ్రీజు రాస్తే చాలు. బీచ్‌కి వెళ్ళొచ్చిన రోజు బండితో పాటు క్లాంపుల సందుల్లోకి కూడా మంచినీళ్ళు కొట్టండి.

ఆన్‌లైన్ బార్లు కొనేటప్పుడు ఏం చూడాలంటే, బార్ అడ్డకోత రెక్కలా చదునుగా ఉందా చూడండి, చదరంగా గానీ గుండ్రంగా గానీ ఉంటే 70 దాటాక ఈల వేస్తుంది. ఈలొచ్చే బార్ ఇప్పటికే ఇంట్లో ఉంటే దాని చుట్టూ సన్న తాడు మెలికలుగా చుట్టండి, చాలావరకు తగ్గిపోతుంది. క్లాంపు లోపలి రబ్బరు మెత్తగా ఉండాలి, గట్టి ప్లాస్టిక్ అయితే రెయిల్ మీద గీతలు పడతాయి. తాళం ఉన్నవే తీసుకోండి. మీ రెండు రెయిల్స్ మధ్య వెడల్పు ముందూ వెనకా రెండు చోట్లా టేపు పెట్టి కొలవండి, చాలా బళ్ళకి ముందు, వెనక ఒకే వెడల్పు ఉండదు, పొడుగు సరిచేసుకునే వీలున్న బార్ కాకపోతే ఒకటి పట్టి ఇంకోటి పట్టదు. రెండు బార్ల మధ్య దూరం డెబ్బై సెంటీమీటర్ల దగ్గర ఉంచండి, మరీ దగ్గరగా పెడితే బ్యాగు ముందూ వెనకా ఊగుతుంది. బిగించాక బార్ మధ్యలో పట్టుకుని ఊపితే బండి ఊగాలి గానీ బార్ రెయిల్ మీద జరక్కూడదు. బయల్దేరాక ఒక యాభై కిలోమీటర్లకి ఆగి మళ్ళీ బిగించండి, అమలాపురం నుంచైతే తణుకు దగ్గర టీకి ఆగినప్పుడు చూసుకోవచ్చు. సన్‌రూఫ్ ఉన్న వేరియంట్ అయితే అది పైకి లేచి వెనక్కి జరిగేదా చూడండి, బార్‌కి కొట్టుకుంటే ఆ అద్దం ఖర్చు ముందు థూలే చవగ్గా కనపడుతుంది. వెనక డోర్ పూర్తిగా ఎత్తి కూడా చూసుకోండి, బ్యాగు వెనక్కి ఎక్కువ జరిగితే డోర్ అంచు తగులుతుంది.

థూలే గురించి ఒక్క మాట, స్వీడన్ వాళ్ళది, 1942 నుంచి ఉన్న కంపెనీ, సరుకు మంచిదే, బండి బండికీ వేరే ఫిట్టింగ్ కిట్ ఇస్తారు, అందుకే అంత పక్కాగా కూర్చుంటుంది. ఏడాదికి మూడు నాలుగుసార్లు వాడేవాళ్ళకి అంత పెట్టుబడి అనవసరం అని నా అభిప్రాయం. నెలనెలా సైకిళ్ళు వేసుకుని మారేడుమిల్లి ఎక్కేవాళ్ళయితే అప్పుడు ఆలోచించొచ్చు.

బ్యాగు సంగతికొస్తే, పీవీసీ గుడ్డతో నాలుగొందల లీటర్ల చుట్టూ ఉన్నది మూడు నాలుగు వేలకి వస్తుంది, మీ బడ్జెట్‌లో బార్లు, బ్యాగు, బెల్టులు అన్నీ సరిపోతాయి. వాటర్‌ప్రూఫ్ అని రాస్తారు, గుడ్డ వాటర్‌ప్రూఫే, జిప్పూ కుట్లూ కాదు, ఎనభైలో వెళ్తూ ఎదురువాన కొడితే ఎక్కడో ఒకచోట దూరుతుంది. లోపల బట్టలు పాలిథీన్ కవర్లలో కట్టి పెట్టండి. బ్యాగు బదులు బరకం కప్పుతాం అనేవాళ్ళున్నారు, ధాన్యం మీద కప్పినట్టు వదులుగా కప్పితే అరవై దాటగానే టపటపా కొట్టుకుని గంటలో చిరుగుతుంది, కప్పితే అంగుళం వదులు లేకుండా కట్టాలి.

కట్టడానికి నైలాన్ తాడు వాడకండి, తడిస్తే సాగుతుంది, పొద్దున బిగుతుగా ఉన్నది వాన పడ్డాక లూజవుతుంది. పాలిస్టర్ బెల్టులు, క్యామ్ బకిల్ (చేత్తో లాగితే బిగిసి పట్టుకునే కొక్కెం) ఉన్నవి తీసుకోండి. లారీలకి వాడే ర్యాచెట్ బెల్టులు, పిడి ఆడిస్తూ బిగించేవి, వద్దు, చెయ్యి అలవాటు లేనివాళ్ళు బార్ వంగేదాకా బిగించేస్తారు. బెల్టుని ఒక మెలిక తిప్పి కడితే గాలికి జుమ్మని మోత రాదు.

పైన కట్టకూడనివి మన వాళ్ళు కట్టేవి కొన్ని ఉన్నాయి. రొయ్యల థర్మోకోల్ డబ్బా ఐసుతో సహా పైన కడతారు, ఐసు కరిగి ఆ నీళ్ళు రూఫ్ అంచు సందుల్లోకి దిగుతాయి, వాసన సంగతి పక్కన పెట్టండి, రేకు పాడవుతుంది, లోపల ప్లాస్టిక్ టబ్బులో పెట్టుకోండి. పులస కొన్నవాళ్ళు మాత్రం పైన కట్టరు లెండి, ఆ రేటుకి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటారు. ఆత్రేయపురం పూతరేకులు పైకెక్కిస్తే విజయవాడ చేరేసరికి పొడి. కడియం నర్సరీ మొక్కలు ఇంకో రకం, పైన నిలబెట్టి కడితే నాలుగొందల పైచిలుకు కిలోమీటర్ల గాలికి ఆకులన్నీ చీరుకుపోయి ఎండిపోతాయి, తప్పదంటే పడుకోబెట్టి, కుండీ ముందువైపు ఉండేట్టు, ఆకులకి తడి గోనె చుట్టి కట్టండి.

పెట్రోలు గురించి అడగలేదు గానీ చెప్పాలి. గాలి తోపు స్పీడు వర్గంతో పెరుగుతుంది, 60లో ఉన్నది 100లో దాదాపు రెండు ముప్పావు రెట్లవుతుంది. అమెరికా ఇంధన శాఖ వాళ్ళ లెక్కలో పైన పెద్ద లగేజీ పెట్టె ఉంటే మైలేజీ సిటీలో 2 నుంచి 8 శాతం, హైవే మీద 6 నుంచి 17 శాతం, ఇంకా స్పీడుగా వెళ్తే 25 శాతం దాకా పడిపోతుంది. మీ బండి లీటరుకి పదిహేను ఇస్తుందనుకుని పది శాతమే తగ్గినా హైదరాబాద్ ఒక వైపుకే మూడు లీటర్లు ఎక్కువ. ఖాళీ క్యారియర్ కూడా ఊరికే తాగుతూనే ఉంటుంది, వెల్డింగ్ క్యారియర్ విప్పడం బద్ధకం కాబట్టి ఏడాది పొడుగునా అలాగే ఉంచేస్తారు, ఆరు వేల క్యారియర్ అసలు ఖరీదు అక్కడ బయటపడుతుంది. సామాను ఉన్నప్పుడు 80 దాటకండి.

రూల్స్ విషయం. పక్కలకి, ముందుకి, వెనక్కి బాడీ దాటి గానీ, అనుమతించిన ఎత్తు దాటి గానీ సామాను పొడుచుకొస్తే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 194(1ఎ) కింద ఇరవై వేలు ఫైను, పైగా దింపించిన ఖర్చు కూడా మనదే. 2019 సవరణ తర్వాత వచ్చిన మొత్తం ఇది. వెదురు గడలు, నిచ్చెనలు కట్టేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి. రూఫ్‌కి శాశ్వతంగా బిగించేస్తే అది సెక్షన్ 52 కింద బండిలో మార్పు అని అభ్యంతరం పెట్టే వీలుంది, విప్పేసే బార్లకి ఆ తలనొప్పి తక్కువ. ఇన్సూరెన్స్ రెన్యువల్ అప్పుడు యాక్సెసరీగా రాయించండి, రాయించని వస్తువుకి క్లెయిమ్ ఇవ్వరు.

ఆఖరుగా ఎత్తు. బండి ఒక మీటరు అరవై, బార్, బ్యాగు కలిపి ఇంకో అర మీటరు, అంటే రెండు మీటర్ల పైకి పోతారు. ఊళ్ళో ఇళ్ళకి అడ్డంగా వేలాడే సర్వీసు వైర్లు, కొబ్బరి మట్టలు, సఖినేటిపల్లి రేవులో పంటు (బళ్ళని గోదావరి దాటించే పడవ) మీద ఒకళ్ళ పక్కన ఒకళ్ళు నిలబడ్డ జనం తలలు, ఇవన్నీ నెమ్మదిగా వెళ్తే దాటిపోతాం, కానీ హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ సెల్లార్ దగ్గరే ఎక్కువమంది తగిలిస్తారు, రాత్రంతా డ్రైవ్ చేసి నిద్రమత్తులో పైన బ్యాగుందన్న సంగతి మర్చిపోయి దింపేస్తారు. సామాను కట్టాక మొత్తం ఎత్తు టేపుతో కొలిచి ఆ అంకె కాగితం మీద రాసి స్టీరింగ్ ముందు అంటించండి. మీ రెయిల్ పక్కనుంచి ఒక ఫోటో, రెండు చోట్లా కొలిచిన వెడల్పు, మాన్యువల్‌లో ఉన్న అంకె పెట్టండి, ఆన్‌లైన్‌లో మీరు చూసిన బార్ దానికి పడుతుందో లేదో చెప్తాను, అప్పటిదాకా ఆర్డర్ పెట్టకండి.